చావింటి నీళ్లు

ఇల్లు కట్టుకుని ఆ కాలనీకి వచ్చినప్పుడు మాకు నీళ్లు తప్ప అన్నీ ఉన్నాయి. రాప్తాడు పోయే దారిలో, హైవే పక్కన, వేరుశనగ చేలను ప్లాట్లు చేసి అమ్మిన చోటు అది. వరసగా వానలు ఎగ్గొట్టిన కాలం. పార్కుకని వదిలిన స్థలంలో ఒక బోరు, ఒక ట్యాంకు, అక్కడి నుంచి వీధికో వాల్వు. వాల్వు తిప్పేవాడు ఇనప కడ్డీ భుజాన వేసుకుని మలుపు తిరిగితే, మగపెళ్లివారు దిగినంత హడావుడి పడేవాళ్లం.

వాల్వు ఎప్పుడు తిప్పాలో చెప్పేది కాలనీ సంఘం అధ్యక్షుడు. ఆయనకు నీళ్ల ట్యాంకర్లు ఉన్నాయి. కొళాయి రాని రోజున వీధిలోకి ట్యాంకరు వస్తుంది. ఇంతకంటే విడమరచి చెప్పక్కర్లేదు. అనంతపురంలోని కాలనీ సంఘాల పెద్దలంతా కలిసి ఒక సమాఖ్య పెట్టుకున్నారు. ఒకరిది పైపుల అంగడి, ఒకరిది బోర్లు వేసే లారీ. ఆ సమాఖ్యకూ మా అధ్యక్షుడే పెద్ద. తాము చేసేది సేవ అని బ్యానర్లు కట్టుకునేవాళ్లు. దొంగ చేతికి తాళంచెవి ఇవ్వడమంటే ఏమిటో నాకు ఆ కాలనీలోనే తెలిసింది.

ఎదురు తిరిగినవాడు మా పక్కింటి ఆయన, రిటైరైన బస్సు కండక్టరు. "టికెట్టు లేనోణ్ణి నడిదావలో దింపినోణ్ణి, వీళ్లొక లెక్కనా" అనేవాడు. ఇళ్లవాళ్లం కొందరం ఆయన వెనక చేరాం. మా ఇంటి తరఫున మా వారు పేరిచ్చారు, నోరు నేనిచ్చాను. మేం అడిగింది ఎన్నికలు పెట్టమని, నీళ్లు వంతు ప్రకారం వదలమని. సంఘం ఉలకలేదు, పలకలేదు. కండక్టరు కలెక్టరాఫీసుకు పోయి ఫిర్యాదు చేసి వచ్చాడు.

సమాఖ్య పెద్దలు కూర్చుని తేల్చేశారు. సంఘం పరువు బజారుకీడ్చినవాడికి సంఘం నీళ్లు లేవు. మర్నాడే కూలీలు వచ్చి గుంత తవ్వి, ఆయన ఇంట్లోకి పోయే పైపు కోసి, చెక్క బిరడా కొట్టి, మన్ను కప్పారు. ఆ మన్నును అధ్యక్షుడు స్వయంగా చెప్పుకాలితో తొక్కి చదును చేశాడు.

"మీటింగులో నిలబడి తప్పైందని ఒక్క మాట చెప్పన్నా. ఆ పొద్దే కొళాయి వస్తాది" అన్నాడు.

"నా నోట్లోంచి ఆ మాట రావల్లంటే నేనన్నా సావల్ల, నువ్వన్నా సావల్ల" అన్నాడు కండక్టరు.

మేం చప్పట్లు కొట్టాం. చప్పట్లకు నీళ్లు ఖర్చు కావు కదా.

ఆయన భార్య అప్పటికే మంచం పట్టి ఉంది. నేను అక్కా అని పిలిచేదాన్ని. మంచంలో ఉన్న మనిషికి అందరికంటే ఎక్కువ నీళ్లు కావాలి, పక్కబట్టలకీ, ఒళ్లు తుడవడానికీ. మొదట్లో మేం గోడ మీంచి బిందెలు అందించాం. అది తెలిసి సంఘం మైకులో చెప్పించింది, ఆ ఇంటికి నీళ్లిచ్చినవాళ్ల పైపులూ కోస్తామని. దాంతో మా వీరులు ఒక్కొక్కరే ఇంట్లోకి జారుకున్నారు. ట్యాంకర్లన్నీ సమాఖ్యవాళ్లవే కాబట్టి ఆ గేటు ముందు ఏదీ ఆగేది కాదు. కండక్టరు దూరాన ఎవరి చేని బోరు దగ్గరికో సైకిలు తొక్కుకుంటూ పోయి క్యానుతో తెచ్చుకునేవాడు. మా అత్తగారు మధ్యాహ్నం కునుకు తీసేటప్పుడు నేను చెంబుతో అందించేదాన్ని. చెంబెడు నీళ్లతో ఏమవుతుంది? అక్క వీపంతా పుండ్లు పడింది. వాసన వీధిలోకి వచ్చేది. "శుభ్రం తెలీని మనుషులు" అంది ఎదురింటామె, తలంటుకున్న జుట్టు ఎండలో ఆరబెట్టుకుంటూ. ఆ జుట్టు పట్టుకుని ఈడ్వాలనిపించింది నాకు. ఇప్పటికీ అనిపిస్తుంది.

ఒక ఉదయం అక్క పోయింది.

మా వైపు ఒక కట్టుబాటు ఉంది. చావింటికి నీళ్లు ఆపరు. తరతరాల పగలున్న ఊళ్లలో కూడా, ఎదుటి పక్షంలో చావైతే వంతు చూడకుండా ఆ వీధికి నీళ్లు వదులుతారు. ఆ పూటకైనా తన పైపు కలుపుతారని కండక్టరు దాన్నే నమ్ముకున్నాడు. శవాన్ని వాకిట్లో బల్ల మీద పడుకోబెట్టి, పసుపు తీసి పెట్టి, కొళాయి కింద గంగాళం పెట్టుకుని కూర్చున్నాడు.

అధ్యక్షుడు కట్టుబాటు తప్పలేదు. పూలదండ పట్టుకుని తానే వచ్చాడు. "ఎంత కొట్లాడినా మనం మనుషులం కాదాన్నా. వాల్వు తిప్పమని చెప్పినా" అని కండక్టరు భుజం తట్టాడు.

వాల్వు తిరిగింది. వీధిలో ప్రతి కొళాయీ బుసకొట్టింది, చావింటి కొళాయి తప్ప. దాని పైపుకు మట్టిలో బిరడా ఉంది కదా. కట్టుబాటు వీధి వాల్వు గురించే చెప్పింది. బిరడా గురించి ఏ పెద్దలూ చెప్పి పోలేదు.

వీధికి నీళ్లొచ్చి చాలా రోజులైంది. శవం చుట్టూ కూర్చుని ఏడుస్తున్న ఆడవాళ్లు కళ్లు తుడుచుకుని ఒక్కొక్కరే లేచారు. "ఇప్పుడే వస్తానుండన్నా" అంటూ కొంగు దోపుకుని ఇళ్లలోకి పరుగెత్తారు. వాకిట్లో ఆయన, శవం, అరుగు మీద అధ్యక్షుడు మిగిలారు. గోడలవతల డ్రమ్ములు నిండుతున్న చప్పుడు. కొందరైతే గచ్చు కూడా కడుక్కున్నారు.

కండక్టరు బిందె పట్టుకుని లేచాడు. మొదటి గేటు దగ్గర, "అంటులో ఉండావు, లోపలికి రావద్దన్నా, మంచినీళ్లు పట్టుకుంటాండాం" అన్నారు. తర్వాతి గేటు దగ్గర, "నీకిస్తే మా పైపు కోస్తారప్పా" అన్నారు. ఆ తర్వాతి గేటు వేసి ఉంది. ఆయన ఖాళీ బిందెతో తిరిగొచ్చి అధ్యక్షుడి ముందు నిలబడ్డాడు.

"తప్పైందప్పా. బిరడా తీపిచ్చు."

అధ్యక్షుడు అరుగు దిగి, ఎంతో మర్యాదగా, "అంటులో చెప్పిన మాట చెల్లదన్నా. దినాలు కానీ. మీటింగులో చెప్తువులే" అన్నాడు.

మా డ్రమ్ము నిండాక గానీ అత్తగారు నన్ను వదల్లేదు. నేనూ, ఇంకొకామె చెరో బిందె తెచ్చాం. అక్క ఒంటికి పట్టిన పసుపైనా వాటితో పూర్తిగా పోలేదు.

దినాలయ్యాక మీటింగు పెట్టారు. సమాఖ్య పెద్దలు వచ్చి ముందు కుర్చీల్లో కూర్చున్నారు. అధ్యక్షుడు మైకు అందుకున్నాడు. "మన మీద కలెక్టరుకు చెప్పినోళ్ల ఇంట్లో సావైతే, ఆ పొద్దు కూడా నీళ్లిడిసిన సంఘం మనది. కాదనేవాళ్లు ఎవురన్నా ఉండారా?" ఎవరూ కాదనలేదు. అబద్ధం కాదు మరి. మా వీధివాళ్లు అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టారు. తర్వాత కండక్టరును పిలిచారు.

ఆయన గుండు మీది తువ్వాలు తీసి, పెద్దల వైపు కాకుండా మా వైపు తిరిగాడు.

"అధ్యక్షుడు చెప్పింది నిజం. నీళ్లిడిసినాడు. నా కొళాయికి రాకపోయినా మీ డ్రమ్ములన్నీ నిండినాయి. మళ్లా నీళ్లకు కటకటైతే చెప్పండి. మా ఇంట్లో ఇంకా నేనొకణ్ణి ఉండా."

ముందు కుర్చీలో ఒకాయన వేళాకోళమనుకుని నవ్వాడు. అధ్యక్షుడు మైకు తీసుకుని, కాఫీలు ఉన్నాయని, అందరూ తాగి వెళ్లాలని చెప్పాడు. అందరం తాగే వచ్చాం.