చప్పట్లకు బదులు ఆమేన్

బోటు ఇంజను చప్పుడు ఆగిన క్షణమే నాకు ప్రమాదమనిపించింది. నీల్ ద్వీపం నుంచి పోర్ట్ బ్లెయిర్ వస్తున్నాం. ఎటు చూసినా ఒడ్డు లేదు. పిల్లలిద్దరూ నా ఒళ్ళో తలలు పెట్టుకుని నిద్రపోతున్నారు. సీటు కింద కట్టిపెట్టిన లైఫ్ జాకెట్లు లాగాను కానీ, వాటి ముడులు ఎంతకీ విప్పలేకపోయాను.

గిటారుతో పక్కన కూర్చున్న అమ్మాయి వాటిని అందుకుని, విప్పి, పిల్లలు లేవకుండా వాళ్ళ మీద కప్పింది.

"తెలుగువాళ్ళేనా దీదీ? మాది పోర్ట్ బ్లెయిర్‌లోనే, బతు బస్తీ. నేనూ, ఇదిగో కళ్ళు తిరిగి పడుకుందే, ఈ నా ఫ్రెండూ కలిసి పాడతాం. మొన్ననే మొదటి ఆల్బమ్ వచ్చింది."

"ఎలా ఉందంటున్నారు?" ఏదో ఒకటి మాట్లాడాలని అడిగాను.

"ఏం చెప్పమంటారు! బస్తీలో ప్రోగ్రాం పెడితే ముందు వరసంతా మా చర్చి ఆంటీలే. ప్రేమ పాట పాడాం. చప్పట్లు లేవు. అందరూ కళ్ళు మూసుకుని ఆమేన్ అన్నారు. బిల్‌కుల్ సీరియస్‌గా!"

పకపకా నవ్వేశాను. అప్పుడు చూశాను, గిటారు సంచి మీద ఆమె వేళ్ళు వణుకుతున్నాయి.

"నీకూ భయమేనా?"

"బహుత్. స్టేజీ ఎక్కే ముందూ ఇంతే. భయమేస్తోందే అని ఈ నా ఫ్రెండుకి చెప్పేస్తాను. చెప్పేశాక ఇక పాడగలను."

కాసేపటికి ఇంజను మళ్ళీ మొదలైంది. జెట్టీలో దిగే హడావిడిలో ఆమె పేరు అడగనే లేదు.

నా భయాలేవీ పిల్లలకు తెలియనివ్వకూడదని అంతవరకూ అనుకునేదాన్ని. మర్నాడు పొద్దున వాళ్ళకు జడలు వేస్తూ, "నిన్న మీరు నిద్రపోతుంటే బోటు సముద్రం మధ్యలో ఆగిపోయింది. అమ్మకు చాలా భయమేసింది" అని చెప్పాను.