తెల్ల స్కర్టు మీద పులిహోర మరక

మా చిన్నప్పుడు... ఢిల్లీ కంటోన్మెంట్‌లో, నాన్నగారి ఆర్మీ క్వార్టర్స్ పక్క బళ్ళో ఎనిమిదో తరగతి. ఆ రోజు తెల్ల స్కర్టు. ఆ రోజే అమ్మ క్యారేజీలో నిమ్మకాయ పులిహోర పెట్టింది. బెంచీ మీద ఒలికిందని చూసుకోకుండా దాని మీదే కూర్చున్నాను!

పంపు దగ్గరికి పరిగెత్తాను. స్కర్టు ముందుకి తిప్పుకుని, అక్కడున్న సబ్బుముక్కతో బరబరా రుద్దాను. పసుపు పోలేదు సరికదా... చూస్తూండగానే ఎర్రబడింది. ఇంతలో గంట కొట్టారు. స్కర్టు మళ్ళీ వెనక్కి తిప్పుకుని, తడిగానే సైన్స్ క్లాసుకి వెళ్ళాను.

వెనక బెంచీల్లో కిసకిసలు. ఒక అబ్బాయి దూరంగా జరిగి కూర్చున్నాడు. నాకింకా ఆ ఈడు రాలేదు, వాళ్ళెందుకు నవ్వుతున్నారో తెలియదు... పులిహోర వాసనకేమో అనుకున్నాను, పిచ్చిదాన్ని.

మేడమ్ చూసి ముక్కుకి చున్నీ అడ్డం పెట్టుకుంది. "ఛీ! ఇత్‌నీ బడీ హో గయీ, అకల్ నహీ హై? బాహర్ ఖడీ హో జా!" ఇంత పెద్దయ్యావు, బుద్ధి లేదా, బయట నిలబడు అని.

"మ్యామ్, హల్దీ హై..." అన్నాను, పసుపేనని. వినలేదు. నన్ను ఇంటికి పంపేయమని ఆయాకి కబురు పెట్టింది.

వరండాలో ఏడుస్తూ నిలబడ్డాక ఆమె చెప్పిన పాఠమే గుర్తొచ్చింది. పొడి సబ్బు పసుపునేమీ చేయదు... నీళ్ళలో కరిగితేనే దాని క్షారగుణం బయటపడి పసుపుని ఎర్రగా మారుస్తుంది... పులుపు తగిలితే మళ్ళీ పసుపే. ఆ వారమే, రంగు సుద్దముక్కలతో బొమ్మ వేసి మరీ చెప్పింది మహాతల్లి!

కిటికీ పక్కన కూర్చునే నా స్నేహితురాలు సిమ్రన్‌ని పిలిచాను. దాని డబ్బాలో ఉల్లిపాయతోపాటు రోజూ నిమ్మచెక్క ఉంటుంది. చప్పుడు చేయకుండా అందించింది. మరక మీద పిండాను. ఎరుపు పోయి పసుపొచ్చింది.

లోపలికెళ్ళి చూపించాను. సారీ చెబుతుందనుకున్నాను... మేడమ్ మొహం వెలిగిపోయింది! "అరే వాహ్! దేఖో బచ్చోఁ, నేచురల్ ఇండికేటర్!" చూడండి పిల్లలూ, రంగు మారి క్షారాన్ని పట్టిచ్చే సహజ సూచిక, అంటూ నన్ను బోర్డు ముందు నిలబెట్టి, ఇందాక ముక్కు మూసుకున్న చేత్తోనే నా స్కర్టు అంచు పట్టుకుని క్లాసంతటికీ చూపించింది. అందరూ చప్పట్లు. ఆ 'ఛీ' కంటే ఆ చప్పట్లే నాకు ఇప్పటికీ రోత.

ఇన్నేళ్ళూ దీన్ని నవ్వుతాల కథలాగే చెప్పాను. విన్నవాళ్ళంతా నవ్వారు. మొన్న ఇక్కడ, ఢిల్లీ పక్కన ఇందిరాపురంలో, మా అమ్మాయి యాసిడ్లూ క్షారాలూ చదువుతుంటే దానికీ చెప్పాను. అది నవ్వలేదు.

"మమ్మీ, అగర్ సచ్ మే బ్లడ్ హోతా తో?" అంది. నిజంగా రక్తమే అయ్యుంటే అని.

అయ్యింది తల్లీ... నాకు కాదు, సిమ్రన్‌కి. మరుసటి ఏడాది. అదే మేడమ్, అదే చున్నీ, అదే వరండా. దాని డబ్బాలో ఆ రోజు కూడా నిమ్మచెక్క ఉంది. ఏం లాభం...

ఇప్పుడు మా అమ్మాయి బళ్ళో గోడకి ప్యాడ్ల పెట్టె ఉందట. మంచిదే. కానీ దాని దగ్గరికి ఏ పిల్లయినా వెళ్తే, ముక్కు మూసుకునేవాళ్ళు ఇంకా ఉన్నారట. ఛీ అనాల్సింది వాళ్ళని కదూ...

మీ బళ్ళో ఆ వరండాలో ఎవరు నిలబడ్డారు? గుర్తుంటే రాయండి... పసుపు మరకలే కాదు, అన్నీ.