పాడైపోయిన నిమిషం

గొర్రెల కాపరుల మీద ఎప్పుడో తీసిన డాక్యుమెంటరీ ఇంటర్నెట్‌లో దొరికిందని మొన్న మా అమ్మాయి నా ఫోన్‌కు పంపింది. అందులో ఉన్నది తాతే కదా అని కింద రాసింది. మా నాయన పోయి చాలా ఏళ్లయింది; ఫోటోలు రెండున్నాయి గానీ ఆయన గొంతు మా దగ్గర ఎక్కడా లేదు. అందుకే చేతిలో పని పక్కన పెట్టి దాన్ని నొక్కాను.

అప్పుడు నేను తాండూరులో కొత్తగా టీచరుగా చేరాను. ఢిల్లీ నుంచి టీవీ వాళ్లు కుల్కచర్ల దగ్గరున్న మా ఊరికి వస్తే, హిందీ వచ్చు కదా అని నన్ను మాటసాయానికి పెట్టుకున్నారు. ఉన్నది ఉన్నట్టు చూపించడానికి ఇంత తతంగం ఉంటుందని నాకు తెలియదు. మా నాయన మందను ఒకే దారిన నాలుగుసార్లు నడిపించారు. ఒకసారి దూరం నుంచి తీశారు, ఒకసారి గొర్రెల కాళ్లు మాత్రమే, అలా. మేసిన దారిలో మళ్లీ మేయడానికేముందని గొర్రెలు మొండికేశాయి. నాయన చేతికర్రనూ, పొట్టేలు మెడలోని గంటనూ విడిగా తీస్తుంటే ఎందుకని అడిగాను. మాటలు కత్తిరించిన చోట అతుకు కనబడకుండా ఇవి వేస్తామన్నాడు కెమెరా ఆయన. ఆ రోజు నుంచి టీవీలో ఎవరైనా మాట్లాడుతూ ఉన్నట్టుండి వాళ్ల చేతులు కనబడితే, ఇక్కడేదో మాసిక వేశారని నా కళ్లు పట్టేస్తాయి.

కెమెరా వైపు చూడకుండా మాట్లాడమంటే నాయనకు నచ్చలేదు. వచ్చిన మనిషి దిక్కు జూడకుంట మాట్లాడితే మర్యాదనా బిడ్డా అన్నాడు. చివరికి నేనే కెమెరా పక్కన నిలబడి, నన్ను చూసి చెప్పమన్నాను.

అంతా అయ్యాక, శబ్దం పట్టే ఆయన అందరినీ ఒక నిమిషం నోరు మెదపకుండా ఉండమన్నాడు. ఊరికే ఉన్న చోటుకు కూడా ఒక చప్పుడుంటుందట, మాటల మధ్య అది లేకపోతే చెవికి వెలితిగా తోస్తుందట. సగం నిమిషమైనా కాలేదు, ఒక నల్లగొర్రె పక్కవాళ్ల కందిచేనులో మూతి పెట్టింది. నాయన గుట్ట మారుమోగేలా కేక వేశాడు. నిమిషం పాడైంది. సిగ్గుతో చచ్చిపోయి నాయనను నలుగురిలో కసిరాను. ఆయన మాత్రం నెమ్మదిగా, నీ నిమిషం మళ్ల వస్తది, ఆళ్ల చేను మళ్ల వస్తదా అన్నాడు.

ప్రసారమైన సాయంత్రం ఊళ్లో టీవీ ఉన్న ఒక్క ఇంటి వాకిట్లో అందరం కూర్చున్నాం. తెర మీద నాయన రెండు మాటలన్నాడో లేదో ఆయన గొంతు సన్నగిల్లి, దాని మీదికి ఎవరిదో గంభీరమైన హిందీ గొంతు ఎక్కింది. మన భాష రానివాళ్ల కోసం అలా చేయడం వాళ్ల పద్ధతని నేను చెబుతూనే ఉన్నాను. నోరు నాది, మాట ఆయనదా అని నాయన ఒక్కసారే అడిగాడు. అంతలో కరెంటు పోయింది. మన కాలం వాళ్లకు చెప్పనక్కర్లేదు, అది కార్యక్రమం అయిపోయాకే వచ్చింది. తన గొంతు వాళ్లకు పనికిరాలేదనే నాయన చివరిదాకా అనుకున్నాడు. నేనూ అలాగే అనుకున్నాను.

ఆ మిగతా సగం మొన్న చూశాను. ఆఖర్న మంద గుట్ట దిగుతుంటుంది. వ్యాఖ్యానం లేదు, సంగీతం లేదు, ఆ బొమ్మ మీద నాయన కేక నిండుగా వినిపించింది. పాడైన నిమిషంలోనిదే అది. మంద గుట్ట దిగింది వేరే పూట, కేక పడింది వేరే పూట. రెంటినీ కలిపి కుట్టారు. ఆ సంగతి తెలిసినదాన్ని నేనొక్కదాన్నే మిగిలాను. ఆ రోజు కసిరినందుకు ఇప్పుడు ఏడుపొచ్చింది.

ఇవాళ నా ఫోన్ నిండా మనవల గొంతులే, వాళ్ల దగ్గులు కూడా ఉన్నాయి. నాయనది నిండుగా ఆ ఒక్క కేకే. మా ఇంట్లో మందలు పోయి చాలాకాలమైంది, ఆ కేకకు తిరిగి చూసే గొర్రె ఒక్కటీ లేదు. ఫోన్‌లో అది పెట్టినప్పుడల్లా నేనే తిరిగి చూస్తున్నాను.