ఇంకా ఇరవై పేజీలుండగా

మా లెక్కల అయ్యోరు పోయినారు. సత్యవేడు నుంచి తిరుపతికి వచ్చే పొద్దున బస్సు కండక్టరు మా బడి గేటు కాడ దిగి కబురు చెప్పి పోయినాడు. ముందురోజు తెల్లవారుజామున నిద్రలోనే పోయినారంట, సాయంత్రానికి అన్నీ అయిపోయినాయంట. ఏడ్చినాను. మధ్యాన్నం టపాలో ఆయన రాసిన కార్డు వచ్చింది చూడండి, అప్పుడు ఏడుపు పోయి ఒళ్లు మండే కోపం వచ్చింది. నేను పంపిన కత పుస్తకం నూట అరవై పేజీలు. ఆయన చదివింది నూట నలభై. ఒక్క ఇరవై పేజీలు ఓర్చుకోలేకపోయినారా ఈ మనిషి!

నా కోపం మీకు తెలియాలంటే బీరువా సంగతి చెప్పాల. డెబ్బైల్లో, సత్యవేడులో నేను చదువుకున్న హైస్కూల్లో పిల్లల పుస్తకాలన్నీ ఒక ఇనప బీరువాలో ఉండేవి. దాని తాళంచెవి లెక్కల అయ్యోరి దగ్గర. తెలుగు అయ్యోరికి ఎందుకు ఇయ్యలేదో నాకు ఇప్పటికీ తెలీదు. గురువారం చివరి పీరియడులో బీరువా తీసి, దాని ముందర స్టూలు వేసుకోని కూర్చునేవారు. అడిగింది ఎప్పుడన్నా ఇచ్చినారా? ఊహూఁ. ఎనిమిదో తరగతిలో నేను దయ్యాల కతలు కావాలంటే, నా తట్టు ఎగాదిగా చూసి తేనెటీగల పుస్తకం చేతిలో పెట్టినారు.

"దయ్యాలు, అయ్యోరూ!"

"ముందు ఇది సదువు పాపా."

తిరిగి ఇచ్చేటప్పుడు ఇంకో పీకులాట. బాగుందా, బాగలేదా అని అడగరు. "ఇది ఎవురికి ఇస్తే బాగుంటుంది?" అంటారు. పేరు చెప్పాల, ఎందుకో చెప్పాల. చెప్పేదాకా ఇంకో పుస్తకం లేదు. నాకేం తెలుసు, నేనేమన్నా పిల్లలందర్నీ కన్నతల్లినా? ఆ తేనెటీగల్ని సంచిలో వేసుకోని రెండు వారాలు తిరిగినాను. చివరికి, ఇంటర్వెల్లో గోడవార కూర్చుని చీమల వరస చూసే ఒక అమ్మాయి పేరు చెప్పి బయటపడినాను. ఆ పిల్ల ఆ పుస్తకాన్ని మూడుసార్లు తీసుకుంది.

ఒకసారి కచ్చ కొద్దీ ఒక పని చేసినాను. ఎట్లనో దయ్యాల పుస్తకం నా చేతికి వచ్చింది. మా బెంచీలో బల్లిని చూసినా కెవ్వుమనే అమ్మాయి ఒకతె ఉండేది. ఆ వారం మా ఇద్దరికీ మాటల్లేవు. "ఆ పిల్లకియ్యండి అయ్యోరూ, ధైర్యం వస్తుంది" అన్నాను, కడుపులో కుళ్లంతా దాచిపెట్టుకోని. ఆ మహాతల్లి జడుసుకోలేదు సరికదా, నెల తిరిగేలోపల బీరువాలో ఉండే దయ్యాలన్నిటినీ ఊడ్చి పారేసింది. నాకు ఒక్కటి మిగిలితే ఒట్టు! అయ్యోరేమో నా నెత్తిన చెయ్యి పెట్టి, "భలే చెప్పినావే, నీకు మనుషులు తెలుస్తారు పాపా" అని మెచ్చుకున్నారు. ఆ మెప్పుకు సిగ్గుతో చచ్చిపోయినాను.

పదో తరగతి చివర్లో, బడి వదిలి పోయే ముందర ఉండబట్టలేక అడిగినాను. "అయ్యోరూ, వీటిల్లో మీకు ఏది ఇష్టం?"

"నేను ఒక్కటీ సదవలేదు."

సముద్రాల కతలు, రాజుల కతలు, దొంగల్ని పట్టేవి, జంతువులవి, చంద్రుడి మీదికి ఎగిరేవి, ఎవరికి ఏది నచ్చుతుందో ఏరి ఏరి ఇచ్చిన మనిషి ఈయన! "మరి ఇన్నేండ్లూ ఎట్ల ఇచ్చినారు?"

"పుస్తకాలు నాకు తెలీదు పాపా. పిల్లోళ్లు తెలుసు. పుస్తకం సంగతి సదివినోళ్లు వచ్చి చెప్తారు కదా."

కతలు తనకు తలకెక్కవని, ఎప్పుడో ఒకసారి చూసి వదిలేసినానని, ఏమాత్రం మొహమాటం లేకుండా చెప్పినారు. ఎప్పటికైనా సరే ఈ మనిషి చేత ఒక్క కత మొదట్నుంచి చివరిదాకా చదివించాలని ఆ రోజే పంతం పట్టినాను.

నేనూ టీచరునై తిరుపతికి వచ్చినాను. మా బడిలో పిల్లలకు పుస్తకాలిచ్చే పని నా మీదే పడింది. అయ్యోరు రిటైరయినారు. "ఇప్పుడు తీరిక దొరికింది, ఒకటియ్యి. పిల్లోళ్లదే ఇయ్యి" అన్నారు. ఎగిరి గంతేసి, ఓడ మునిగిన కత ఇచ్చినాను. నాలుగు దినాలకు కార్డు వచ్చింది. పడవలో తొమ్మిది మంది, నీళ్ల పీపా ఒకటే, పన్నెండు దినాలు ఎట్ల తాగినారని! డిటెక్టివు పుస్తకం ఇస్తే, హంతకుడు ఎక్కిన రైలు ఆ టైముకు ఆ ఊరు చేరదన్నారు. రాకెట్టు కత ఇస్తే, "సూళ్లూరుపేట పక్కన నిజమైనవే ఎగరతా ఉంటే అబద్ధాలెందుకు పాపా?" అన్నారు. దయ్యం కతకైతే బస్సెక్కి నేరుగా మా స్టాఫ్ రూముకే వచ్చేసినారు.

"దయ్యానికి బరువు ఉండాదా, లేదా? లేకుంటే తలుపు ఎట్ల తోసింది?"

"కత అయ్యోరూ, కత!" అని అరిచినాను. పక్క గదిలోంచి మా హెడ్మిస్ట్రెస్ తొంగి చూసింది.

"కతైతే మాత్రం లెక్క తప్పొచ్చునా?"

పదకొండు పుస్తకాలు పంపినాను. పదకొండూ సగంలోనే తిరిగొచ్చినాయి. ఇంక ఈయనకు దండం పెట్టి వదిలేద్దామనుకున్నాను. అప్పుడు బుద్ధొచ్చింది. నేను మంచి మంచి పుస్తకాలు చూసి ఇస్తా ఉండాను గాని, ఆయన ఎట్లాంటి మనిషో ఒక్కసారన్నా ఆలోచించినానా? వానొస్తే ఏటి అవతల పల్లెల పిల్లలందర్నీ లెక్కబెట్టుకుంటా, చివరి పిల్ల పోయేదాకా గొడుగు పట్టుకోని గేటు కాడ నిలబడే మనిషి. ఆయనకు ఓడలెందుకు, హంతకులెందుకు? ఒక పిల్ల తప్పిపోయిన మేకపిల్లను వెతుక్కుంటా కొండెక్కి, వాన పట్టి, ఇల్లు చేరేందుకు తిప్పలు పడే కత ఒకటి ఉండాది. అంతే, ఇంకేమీ లేదు దాంట్లో. అది పంపినాను.

వారం, రెండు వారాలు, మూడు వారాలు. పుస్తకం తిరిగి రాలేదు. కార్డు కూడా లేదు. చివరికి కార్డు వచ్చింది, ఆయన పోయినాక. "నూట నలభైకి వచ్చినాను. తప్పు దొరకలేదు. ఏరు పొంగింది. మిగిలింది రేపు. ముందరే చెప్పొద్దు."

పదకొండో దినం సత్యవేడు పోయినాను. వచ్చినోళ్లంతా తిని పోయినాక అయ్యోరి భార్య, మేమంతా అయ్యోరమ్మ అంటాము, ఆ పుస్తకం తెచ్చి నా ఒళ్లో పెట్టింది. తిరిగి ఇస్తా ఉండాదనుకున్నాను. ఆమెకు అక్షరం ముక్క రాదు.

"ఆ పిల్ల ఇల్లు చేరిందా పాపా?"

"ఆ పిల్ల సంగతి మీకెట్ల తెలుసు?" అన్నాను.

"దినామూ సాయంత్రం నాకు సదివి ఇనిపించినాడు. మేకపిల్లను భుజాన వేసుకోని ఏట్లో కాలు పెట్టింది. ఆడికి ఆపేసినాడు. ఇంక కొంచెం సదువప్పా అంటే ఇన్లేదు. నువ్వు ముందరే సదివుంటావు కదా, చెప్పు."

ఊరికే చెప్పేదానికి నాకు మనసు రాలేదు. కండ్లు తుడుచుకోని నూట నలభై ఒకటో పేజీ తెరిచి చదవడం మొదలుపెట్టినాను. నాలుగు మాటలు చదివినానో లేదో, ఆగమని చెయ్యెత్తి అయ్యోరమ్మ లేచింది. పోయి, ఆయన పటం ముందర దీపం పెట్టిన గది తలుపులు రెండూ బార్లా తెరిచి, వచ్చి నా ఎదురుగా కూర్చుంది.

"ఊఁ, ఇప్పుడు సదువు. కొంచెం గట్టిగా."