తలుపు తడిమి చూసే మనిషి

"అలారం మోగితే ఇద్దరు కలిసి వెళ్లాలని గోడకి అంటించింది మీరే కదా సార్. ఆ రెండో మనిషేడీ?"

"పోయిన నెలే తీసేశాం కదయ్యా. రోజూ మోగేదేగా, ఆపేసి పని చూసుకో."

"దుమ్ముకి మోగిందో మంటకి మోగిందో కిందనుంచి ఎలా తెలుస్తుంది సార్?"

"తెలియకుండా ఫైరింజన్‌ని పిలిచావో, నీ ఉద్యోగం గోవిందా!"

సైరన్లకి చెవులు మందగించి ఆ వాచ్‌మన్ పెద్దాయన స్పీకర్ పెట్టే మాట్లాడతాడు. మేనేజరు తిట్లు పక్కనున్న మా జిరాక్స్ షాపుదాకా వినబడతాయి. ఐదంతస్తుల గోడౌన్‌కి ఇప్పుడు ఆయనొక్కడే దిక్కు. అలారం మోగితే లిఫ్టు జోలికి పోడు. మోకాళ్లు పట్టుకుంటూ మెట్లెక్కుతాడు. ప్రతి తలుపుకీ ముందు చెయ్యి తిరగేసి ఆనిస్తాడు, జ్వరమొచ్చిన పిల్ల నుదురు చూసినట్టు. వేడి తగిలితే తెరవడు. ధైర్యవంతుడేం కాదు, చచ్చేంత భయం. మానేద్దామంటే ఈ వయసులో ఇంకే గేటు దగ్గరా నిలబెట్టుకోరు. ఈ వారంలో మూడుసార్లు ఎక్కితే మూడుసార్లూ దుమ్మే. ఇది నాలుగోది. ఫోన్ జేబులో పెట్టుకుని తిన్నగా మా షాపుకొచ్చాడు.

"బాబూ, మూడో అంతస్తుకి వెళ్తున్నా. పది నిమిషాల్లో దిగకపోతే ఫైరింజన్‌కి నువ్వు ఫోన్ చెయ్యి. నన్ను వెతుక్కుంటూ పైకి మాత్రం రాకు నాయనా."