సాక్షి సంతకం

కోర్టు వరండాలో లింగమూర్తి ఒకచోట కూర్చోలేకపోయాడు. బల్ల మీద కూర్చునేవాడు, అంతలోనే లేచి కుళాయి దగ్గరికి పోయేవాడు, దప్పిక లేకున్నా నీళ్లు తాగి వచ్చేవాడు. "నాది కాదు" అనే మాట పొద్దుటినుంచి నోట్లోనే నానుతోంది.

గుజరాత్‌లోని బమ్రోలిలో అతని మారుతండ్రి లక్ష్మీరాజానికి నాలుగు సాంచాల షెడ్డు ఉండేది. మీసాలు రాకముందే లింగమూర్తి ఆ మరమగ్గాల పనిలోకి దిగాడు. బయట సేట్లు ఎక్కువ కూలి ఇస్తామన్నా పోలేదు. ఏటా దసరానాడు సాంచాలకు బొట్లు పెట్టిస్తూ లక్ష్మీరాజం అనేవాడు: "ఇవి నీయే బిడ్డా. సంగీతకు పెండ్లి చేస్తి, దాని లెక్క అయిపాయె." సంగీత ఆయన మొదటి భార్య కూతురు.

మంచాన పడ్డాక ఆయన గుజరాతీలో రాయించిన కాగితం తెప్పించి, ఇంటికి పెద్దోడివి, సంతకం పెట్టమన్నాడు. లింగమూర్తి గుజరాతీ గడగడా మాట్లాడతాడు, చదవలేడు. తనకే రాస్తున్నాడనుకుని సంబరంగా పెట్టాడు. ఆయన పోయాక తెలిసింది. షెడ్డూ సాంచాలూ సంగీతకు. తాను పెట్టింది సాక్షి సంతకం.

కేసు వేశాడు. రెండో సాక్షి చనిపోయాడు కాబట్టి వీలునామా నీ ఒక్కడి మాట మీదే నిలబడి ఉందని వకీలు చెప్పాడు. సంతకం నాది కాదంటే చాలు, అది చెల్లదు, సగం మీ అమ్మకు వస్తుంది, అమ్మది నీదే కదా అన్నాడు.

వరండాలో సంగీత ఎదురొచ్చింది. కేసు వేసినప్పటినుంచి ఇద్దరికీ మాటల్లేవు.

"ఏందన్నా గిట్ల తిరుగుతున్నవ్, నూలు కండె అయిపోయినా ఆడే సాంచ లెక్క? జర కూసో."

అతను కూర్చోలేదు. అప్పుడే పిలుపు వచ్చింది.

బోనులో కాగితం ముందు పెట్టారు. పేజీ నిండా గుజరాతీ, అడుగున తన పేరొక్కటి తెలుగులో. ఆ అక్షరాలు చెయ్యి పట్టి దిద్దించింది లక్ష్మీరాజమే, మొట్టికాయలు వేసి మరీ.

హిందీలో, నాదే అన్నాడు.

వకీలు నుదురు పట్టుకున్నాడు. ఇక దిగవచ్చన్నారు. లింగమూర్తి బోను చెక్క వదల్లేదు. హిందీ ఎటుపోయిందో, తెలుగే వచ్చింది.

"సాంచాలు నాకే ఇస్తనన్నది గూడ నిజమే సారూ. అది గూడ రాయుండ్రి."

అడిగినదానికే జవాబు చెప్పాలని గుమాస్తా మందలించాడు. టైపు చేసే అమ్మాయి అప్పటికే కాగితం మార్చేస్తోంది. ఆ గదిలో అతని మాట అర్థమైంది సంగీత ఒక్కదానికే. ఆమె తలెత్తలేదు. లింగమూర్తి అటు తిరిగి, అదే మాట మళ్లీ మొదటినుంచి చెప్పసాగాడు.