మాస్టారు తెరిచి ఉంచిన పెరటి తలుపు

మాస్టారు పోయారని వాళ్లబ్బాయి ఫోన్ చేసినప్పుడు నేను ఆటోలో ఉన్నాను. "పొద్దున నమాజు చేసుకొచ్చి కుర్చీలో కూర్చున్నారండీ. టీ తెచ్చేలోపే..." అన్నాడు. విజయవాడ పటమటలో వాళ్లింటికి చేరేదాకా నాకేమీ తోచలేదు.

పటమటలోనే ఒక మేడ మీద గదిలో ఆయన మాకు సర్వర్ల పని నేర్పారు. విద్యార్థుల్ని కూడా 'అండీ' అనేవారు. మేం తప్పు చేస్తే మర్యాద ఇంకాస్త పెరిగేది. మాకు భయమంతా ఆ మర్యాదంటేనే.

ఆయనకో పట్టింపు ఉండేది. క్లౌడ్ సర్వర్ అంటే ఎక్కడో దూరాన ఉన్న కంప్యూటర్. దాని నెట్‌వర్క్ జోలికి వెళ్లేముందు కన్సోల్ తెరిచి చూడాల్సిందే. నెట్‌వర్క్ తెగిపోయినా, ఆ యంత్రానికే నేరుగా కీబోర్డు తగిలించినట్టు పనిచేసే నల్లటి కిటికీ అది. "వీధి తలుపు తాళం మార్చేముందు పెరటి తలుపు తెరుచుకుంటుందో లేదో చూసుకోండి" అనేవారు. చాదస్తమని నవ్వుకునేవాళ్లం.

చల్లపల్లిలో ఒక రక్తపరీక్షల ల్యాబ్ ఉంది, వాళ్ల క్లౌడ్ సర్వర్ని మాస్టారే చూసుకునేవారు. వాళ్ల సాఫ్ట్‌వేర్ ఒక పాత ఆపరేటింగ్ సిస్టమ్ మీద తప్ప నడవదు. దాన్ని తాము సపోర్ట్ చేయబోమని, కన్సోల్ సంగతి మీరే చూసుకోవాలని క్లౌడ్ కంపెనీవాళ్లు చేతులెత్తేశారు. "వాళ్లు చేయకపోతే మనకు చేతుల్లేవా అండీ" అని మాస్టారే కూర్చుని, ఆ పాత సిస్టమ్‌లో కన్సోల్ పలికేలా సెట్టింగులన్నీ రాశారు.

ఆయన పోయిన వారానికే ఆ సర్వర్ నెట్‌వర్క్ తెగి అందకుండా పోయింది. ల్యాబ్ మేడమ్ ఫోన్ చేశారు. "రిపోర్టు ఇస్తే గానీ ఆపరేషన్ చెయ్యరంట, ఒకావిడ బయట కూర్చుని ఉందండీ. సారు లేరు గదా, మీరే ఏదోకటి చెయ్యండి."

కన్సోల్ తెరిచాను. అంతా నలుపే. కంగారులో ఎంటర్ టపటపా కొట్టబోయి ఆగాను. మాస్టారైతే ఒక్కసారే నొక్కి, చేతులు ఒళ్లో పెట్టుకునేవారు. "పెద్ద ప్రాణమండీ, లేవనివ్వండి" అనేవారు. నేనూ అలాగే నొక్కి కూర్చున్నాను.

లాగిన్ అడిగే చోటికి కాస్త పైన, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాటలు వచ్చాయి: 'కంగారు పడకండి. ముందు మంచినీళ్లు తాగండి.' ఆయన గొంతే వినిపించింది. ఏడుపొచ్చింది. నీళ్లు తాగి, లాగిన్ అయి నెట్‌వర్క్ సరిచేసే పనిలోకి దిగాను.

రిపోర్టు తీసుకుని ఆవిడ విజయవాడ బస్సెక్కిందని మధ్యాహ్నం మేడమ్ చెప్పారు. అప్పుడు లాగవుట్ చేశాను. తెర ఒకసారి ఖాళీ అయి, ఆయన మాటలు మళ్లీ వచ్చి నిలబడ్డాయి. వాటి కింద కర్సర్ మిణుకుమంటూ ఉంది. ఆ కిటికీ మూయడానికి చాలాసేపు చెయ్యి రాలేదు.